పూర్తికాలపు చిత్రకారుడు

కవిని ఎవరూ 'నువ్వు ఫుల్‌టైం కవివా?' అని అడగరు. బడిపంతులు కవి కావచ్చు, మిల్లు కార్మికుడు కవి కావచ్చు, గుమాస్తా కవి కావచ్చు. చిత్రకారుణ్ణి మాత్రం ఆ ప్రశ్న అడుగుతారు. బయటివాళ్ళు గౌరవంగా అడుగుతారు, ఇంట్లోవాళ్ళు భయంగా అడుగుతారు. పద్యానికి కాగితం, కలం ఉంటే చాలు. లోకల్ రైల్లో నిలబడి కూడా నాలుగు పాదాలు అల్లుకోవచ్చు. బొమ్మకు రంగు కావాలి, గుడ్డ కావాలి, పగటి వెలుతురు కావాలి. వీటన్నిటికంటే ముఖ్యంగా, రంగు ఆరేదాకా ఎవరి చెయ్యీ తగలని చోటు కావాలి. ఆరుగురు పడుకునే పదడుగుల ఖోలీలో ఆ చోటు ఎక్కడుంటుంది? కామాఠీపుర చాలులోనైనా, వర్లీ బి.డి.డి. చాలులోనైనా, ధారావి మాళా మీదైనా కొడుకు బొమ్మలే గీసుకుంటానంటే తల్లి అడిగే మొదటి మాట 'నెలకెంతొస్తదిరా?' అనే. ఆ మాటను కళ తెలియని మాటగా కొట్టిపారేసే విమర్శ మీద నాకు గౌరవం లేదు. కళ గురించి అడగదగిన ప్రశ్నల్లో అది మొదటిది.

దాన్నే కొంచెం మార్చి అడగవచ్చు. చిత్రకారుడి పూర్తికాలాన్ని ఎవరు కొనిపెట్టారు? కొనిపెట్టినందుకు బదులుగా బొమ్మలోంచి ఏం తీసుకున్నారు? మన చిత్రకారుల మీద తెలుగులో వచ్చే వ్యాసాలు ఈ రెండో ప్రశ్న దాకా సాధారణంగా రావు. పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, వచ్చిన అవార్డులు, చివర 'కళాతపస్వి' అన్న బిరుదుతో ముగుస్తాయి. తపస్సు చేసినవాడికి అన్నం ఎవరు పెట్టారన్నది ఎక్కడా ఉండదు. (మన పత్రికల్లో వచ్చే సన్మాన వ్యాసాలూ ఇందుకు మినహాయింపు కాదు.)

ఈ ప్రశ్నతో ఇద్దరిని చూడదలిచాను. ఒకరు పి.టి. రెడ్డి, ఇంకొకరు తోట వైకుంఠం. ఇద్దరిదీ పాత కరీంనగర్ జిల్లా. ఆ జిల్లాను పనిగట్టుకుని ఎంచుకున్నాను. నిజాం ఇలాకా నుంచి మట్టిపనికి, రాతిపనికి ఈ నగరానికి వచ్చిన కామాఠీల పేరే కామాఠీపురకు పడింది. తర్వాత మగ్గాలు నడవక మిల్లులకు వచ్చిన పద్మశాలీలదీ ఆ జిల్లా, ఆ చుట్టుపక్కలే. అదే నేల నుంచి ఒకరు పార పట్టుకుని వస్తే, ఒకరు కుంచె పట్టుకుని వచ్చారు. వారు దిగిన నగరం ఒకటే అయినా అది వారిని చూసిన చూపు ఒకటి కాదు.

పాకాల తిరుమల్ రెడ్డి 1915లో అన్నారంలో పుట్టారు. 1930ల రెండో సగంలో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. ఆయనకు ముందు ఆ బడికి వచ్చిన పెద్ద తెలుగు చిత్రకారుడు దామెర్ల రామారావు. ఆయన్ను రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి, వెన్ను తట్టి 1916లో బొంబాయి పంపారు. దామెర్ల పూర్తికాలానికి అలా ఒక దొరగారి ఆదరం పూచీ నిలిచింది. కాని 1925లో మశూచి ఆయన్ను ఇరవై ఎనిమిదో ఏటనే తీసుకుపోయింది. కనుక ఆ ఆదరం ఎంతకాలం నిలిచేదో, బొమ్మను ఏ దారి పట్టించేదో తేలకుండానే పోయింది.

రెడ్డిగారి దారి వేరు. 1941లో జె.జె. నుంచి వచ్చిన మరికొందరు యువకులతో కలిసి 'బాంబే కాంటెంపరరీ ఇండియన్ ఆర్టిస్ట్స్' అనే బృందం పెట్టారు. 'యంగ్ టర్క్స్' అని వారికి పేరు. సూజా, రజా, హుసేన్‌ల ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ 1947లో వచ్చింది. ఆధునిక భారతీయ చిత్రకళ చరిత్ర చెప్పేవారు దాదాపు అక్కణ్ణించే మొదలుపెడతారు. దానికి ఆరేళ్ళ ముందు ఇదే నగరంలో ఆధునికం పేరెత్తిన ఆ కుర్రాళ్ళ సంగతి ఏదో మూలన ఒక వాక్యంలో వస్తుంది. ఎందుకని? ప్రతిభలో తేడా అనడం తేలికే. నేనైతే ఇంకొక కారణం చూస్తాను. ప్రోగ్రెసివ్‌లకు కొనేవారు దొరికారు. యుద్ధకాలంలో యూరప్ నుంచి పారిపోయి వచ్చిన కొందరు రసజ్ఞులు వారిని చూశారు, రాశారు, కొన్నారు. యంగ్ టర్క్స్‌కు ఆ అదృష్టం అంతగా పట్టలేదు. చెదిరిపోయారు. రెడ్డిగారు కొన్నాళ్ళు లాహోరులో ఉండి, చివరకు హైదరాబాదు చేరి ఫర్నిచర్ కార్ఖానా నడిపారు.

ఈ ఫర్నిచర్ సంగతిని ఆయన మీద రాసేవారు కొంచెం నొచ్చుకుంటూ రాస్తారు. ఎడారిలో నడిచిన ఏళ్ళు అన్నట్టు, ఆ తర్వాత కళామతల్లి మళ్ళీ పిలిచింది అన్నట్టు రాస్తారు. నాకు ఆ ఏళ్ళు వృథాగా కనిపించవు. బల్లలూ కుర్చీలూ చేయించి అమ్మినవాడికి ఇక బొమ్మను అమ్మాల్సిన అగత్యం లేదు. తర్వాతి దశాబ్దాల్లో ఆయన గీసినవి చూడండి. నెహ్రూ మీద ఒక వరుస, నగ్నదేహాలు, ప్రకృతి దృశ్యాలు, చెక్కతో శిల్పాలు, ముద్రణలు, చివరికి తాంత్రిక యంత్రాల బొమ్మలు. అయిదేళ్ళు ఒక శైలిలో నిలకడగా ఉన్నట్టు కనిపించదు. గ్యాలరీవాళ్ళకు ఇలాంటి చిత్రకారుడంటే తలనొప్పి. 'రెడ్డి బొమ్మ' అని దూరం నుంచి చూసి గుర్తుపట్టే ముద్ర ఏదీ లేదు. గుర్తుపట్టలేనిదాన్ని కొనేవాడు గోడకు ఎందుకు తగిలించుకుంటాడు?

ఈ స్వేచ్ఛకు నష్టమూ ఉంది, దాన్ని దాచనక్కర లేదు. కొనేవాడి చెయ్యి పడని చోట వద్దనేవాడి చెయ్యీ పడదు. రెడ్డిగారి తాంత్రిక చిత్రాల్లో కొన్ని పటాల్లా మిగిలిపోయాయి. త్రిభుజం, వృత్తం, బిందువు ఉన్నాయిగాని లోపల వేడి లేదు. కాని మంచివాటిలో మాత్రం ఒక రూపం ఇంకొక రూపంలోకి దిగే తీరు చూస్తే, చెక్కకు చెక్క అతికేలా గాడి తీసిన వడ్రంగి కొలత అందులో ఉందనిపిస్తుంది. కార్ఖానా ఆయనకు కాలాన్నే కాదు, కన్నును కూడా ఇచ్చిందని నా నమ్మకం. 1996లో పోయేనాటికి ఆయన గీసినదాంట్లో చాలా భాగం నారాయణగూడలో 'సుధర్మ' అని పేరు పెట్టుకున్న తన ఇంట్లోనే ఉంది. దీన్ని ఓటమి అనేవారు ఉంటారు. నేనలా అనను.

ఇంకొక మాట చెప్పకపోతే లెక్క సరిపోదు. ఆ ఇంట్లో ఇంకొక సంపాదన ఉంది. ఆయన భార్య పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' రాసిన కథకురాలు. తెలంగాణ పల్లె మాటను జంకు లేకుండా అచ్చుకెక్కించిన మనిషి. కాలేజీలో తెలుగు పాఠం చెప్పి, ప్రొఫెసరై, 1990 నుంచి 1993 దాకా అధికార భాషా సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నారు. చిత్రకారుడి జీవితచరిత్రలో భార్య 'తోడునీడ'గా వస్తుంది. నెల మొదటి తారీఖున వచ్చే జీతంగా మాత్రం రాదు. ఎంతమంది పూర్తికాలపు కళాకారుల పూర్తికాలం వెనక ఒక స్త్రీ రెండు పూటల పని ఉందో లెక్క తీస్తే మన కళాచరిత్రను మళ్ళీ రాయాల్సి వస్తుంది. యశోదారెడ్డిగారు ఆ రెండు పూటలూ చేస్తూనే కథలూ రాశారు. ఆమెను 'ఫుల్‌టైం రచయిత్రివా?' అని ఎవరూ అడిగి ఉండరు.

ఇక వైకుంఠం. 1942లో బూరుగుపల్లిలో పుట్టారు. ఊరికి వచ్చే నాటకాల మేళాలు, అందులో చీరకట్టి ఆడవేషం వేసే మగవాళ్ళు చిన్ననాడే ఆయన కంట్లో పడ్డారు. హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, 1970ల మొదట్లో లలితకళా అకాడమీ ఫెలోషిప్పు మీద బరోడా వెళ్ళారు. అక్కడ కె.జి. సుబ్రహ్మణ్యన్. పల్లె బొమ్మనూ మట్టిబొమ్మనూ చిన్నచూపు చూడనక్కర లేదనీ, ఆధునికుడు వాటి దగ్గర వ్యాకరణం నేర్చుకోవచ్చనీ చెప్పిన గురువు. తిరిగి వచ్చాక బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పే ఉద్యోగం, సినిమాలకు కళాదర్శకత్వం. నలభై దాటేదాకా ఆయనకు ఆయన బొమ్మ దొరకలేదు. ఈ సంగతిని మన కుర్రవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఇరవై రెండేళ్ళకు తన శైలి దొరకలేదని కుంచె పారేసేవాళ్ళను చూస్తుంటాం.

దొరికినప్పుడు ఏం దొరికింది? తన ఊరి ఆడది దొరికింది. నల్లని ఒళ్ళు, పసుపు రాసిన మొహం, రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు, పెద్ద కళ్ళు, బరువైన పెదవులు, ముక్కుపుడక, కొప్పులో పూలు, ఎరుపూ ఆకుపచ్చా నారింజ చీరలు, మందపాటి అంచు. తల్లిని చూసి గీస్తున్నానని ఆయన చెప్పుకుంటూ వచ్చారు. రంగుల్లో ఊగిసలాట ఉండదు. ఎరుపంటే ఎరుపే. వెనక ఇల్లూ వాకిలీ చెట్టూ ఏదీ ఉండదు, మనిషే చట్రం నిండా ఉంటుంది. అంతకు ముందు తెలుగు పత్రికల ముఖచిత్రాల మీద తెలుగు ఆడపిల్ల అంటే తెల్లగా, సన్నగా, కృష్ణా గోదావరి ఒడ్డున పుట్టినట్టు ఉండేది. వడ్డాది పాపయ్య నాయికలూ, బాపు బొమ్మలూ ఎంత అందమైనవైనా వాటిలో మన చాలు గడపలో కూర్చున్న అవ్వ లేదు. వైకుంఠం ఆమెను తెచ్చి నిండుగా కూర్చోబెట్టారు. నల్లటి ఒంటికి సిగ్గుపడనక్కర లేదని ఒక్క మాట అనకుండానే చెప్పారు. ముంబయిలో, షోలాపూరులో, భీవండిలో 'కామాఠీ' అన్న పిలుపును తిట్టులా విన్న తరానికి ఆ బొమ్మ ఎంత పెద్ద పని చేసిందో బయటివారికి అర్థం కాదు. ఆ గొప్పతనాన్ని ఒప్పుకున్నాకే మిగిలినది మాట్లాడాలి.

మిగిలినదేమిటంటే, ఆ స్త్రీ చేతులు. వైకుంఠం ప్రసిద్ధ చిత్రాల్లో చేతుల్ని వరసగా చూడండి. ఒకదానిలో చిలక, ఒకదానిలో పువ్వు, ఇంకొకదానిలో తమలపాకు. చాలాసార్లు చేతిలో ఏమీ ఉండదు, పక్క స్త్రీ భుజం మీద చెయ్యి ఉంటుంది. పని లేదు. మన ఊళ్ళో ఈ స్త్రీ నాటు వేసింది, కలుపు తీసింది, కండెలు చుట్టింది. షోలాపూరు వచ్చి వెయ్యి బీడీల లెక్కన కూలికి బీడీలు చుట్టింది. కామాఠీపుర గల్లీల్లో చాట ఒడిలో పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, మాట్లాడుతూనే చేతులు ఆపకుండా ఉన్న స్త్రీ ఈమే. ఆమె అలంకారం పండగనాటిది. చేతులు మాత్రం ఏడాది పొడుగునా పనిలోనే ఉండేవి. బొమ్మలో పండగే ఉండిపోయి పని జారిపోయింది.

ఇది ఆయనకు తెలియక జరిగింది అనుకోవడానికి వీల్లేదు. బి. నరసింగరావు 1988లో తీసిన 'దాసి' సినిమాకు కళాదర్శకుడు వైకుంఠమే. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఆ పని కూడా బహుమతి అందుకుంది. ఆ సినిమా చూసినవారికి గుర్తుండే ఉంటుంది. దొర గడీలో దాసి మాట్లాడేది తక్కువ. నీళ్ళు మోస్తుంది, కాళ్ళు కడుగుతుంది, అందిస్తుంది, పిలిచినప్పుడు పోతుంది. గడీ గోడలు, గచ్చు, ఇత్తడి చెంబులు, దీపాలు అన్నీ ఆమె పనికి సాక్షులుగా తెరమీద నిలబడతాయి. ఆ వస్తులోకాన్ని అంత నిజాయితీతో పేర్చిన చెయ్యే, అదే కాలంలో, అదే స్త్రీని పనిలోంచి బయటికి తీసి ఖాళీ చట్రంలో కూర్చోబెట్టింది. సినిమాలో కళాదర్శకుడికి డబ్బులిచ్చేది నిర్మాత, కథ అడిగేది దర్శకుడు. గుడ్డ మీద బొమ్మకు డబ్బులిచ్చేవాడు వేరు. ఆయనకు నీళ్ళ కుండ మోసి మోసి వంగిన నడుము భోజనాల గదిలో అక్కర లేదు.

1990ల తర్వాత భారతీయ చిత్రకళకు బజారు ఎలా పెరిగిందో తెలిసిందే. వైకుంఠం పేరు ఢిల్లీ, ముంబయి గ్యాలరీల్లో స్థిరపడింది. ఉద్యోగం అక్కర లేని చిత్రకారుడయ్యారు. తెలంగాణ పల్లెలో పుట్టినవాడు బొమ్మలు గీసే బతకడం చిన్న విజయం కాదు. కాని గ్యాలరీ అడిగేది గుర్తుపట్టగలిగిన బొమ్మ. మొన్న కొన్నవాడి పక్కింటివాడు అలాంటిదే కావాలంటాడు. అదే బొట్టు, అదే కన్ను, అదే చిలక. రెడ్డిగారికి గ్యాలరీ ముద్ర లేకపోవడం ఎంత నష్టమైందో, వైకుంఠానికి ముద్ర దొరకడం అంత నష్టమైందని నా అభిప్రాయం. ఇప్పుడు ఆ ముద్ర ఆయన చెయ్యి దాటి పోయింది. తెలుగు భోజన హోటళ్ళ గోడల మీద, గాజు గ్లాసుల మీద, దిండు గలేబుల మీద ఆయన గీయని వైకుంఠాలు వేలాడుతున్నాయి.

దీనికి ఒక జవాబు ఉంది, బలమైనదే. జానపద చిత్రకారుడు ఎప్పుడూ చేసింది పునరుక్తే కదా, దాన్ని తప్పంటే మన సంప్రదాయాన్నే తప్పన్నట్టు కదా అని. అవును, చేర్యాల నకాషీలు తరతరాలుగా అవే బొమ్మలు వేశారు. ఎర్రటి నేల మీద అవే ముఖాలు, అవే కళ్ళు. కాని ఆ పటం ఎవరి కోసమో గుర్తు తెచ్చుకోండి. పద్మశాలీల ఇంటి ముందు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పడానికి విప్పే పటం అది. నలభై, యాభై అడుగుల గుడ్డ. ఒక్కొక్క ఘట్టం విప్పుతూ రాత్రంతా కథ సాగుతుంది. నకాషీకి పటం చేయించింది కథకుడు, కథకుడికి త్యాగం ఇచ్చింది కులం. అంటే నకాషీ చిత్రకారుడు ఎప్పుడో పూర్తికాలపు వృత్తికళాకారుడే. 'ఫుల్‌టైం ఆర్టిస్టు' ఏదో కొత్తగా దిగుమతి అయిన జాతి అనుకోవడం మన అజ్ఞానం. అతని బొమ్మ అదే ముఖంతో వచ్చినా, ఆ ముఖం ఒక చోట నేస్తుంది, ఒక చోట ఏడుస్తుంది, ఒక చోట యముణ్ణి ఎదిరిస్తుంది. ముఖం మారలేదుగాని పని మారుతూ వచ్చింది. పటాన్ని కత్తిరించి, కథలోంచి ఒక్క ముఖాన్ని విడదీసి గోడకు తగిలిస్తే మిగిలేది పునరుక్తి. వైకుంఠం బొమ్మల్లో లోటు ముఖం మళ్ళీమళ్ళీ రావడం కాదు. ఆ ముఖానికి జరిగేదేమీ లేకపోవడం.

పోలిక కోసం లక్ష్మాగౌడ్‌ను చూడొచ్చు. మెదక్ జిల్లా నిజాంపూర్, బరోడా, అదే సుబ్రహ్మణ్యన్ గారి శిష్యరికం. టెలివిజన్‌లో ఉద్యోగం, తర్వాత విశ్వవిద్యాలయంలో. నెల జీతం వస్తుండగా ఆయన రాగిరేకు మీద తీసిన ఎచింగులు ఎవరి భోజనాల గదికీ పనికొచ్చేవి కావు. మేకలు, మనుషులు, చెట్లు ఒకే కామంతో ఒకదానిలోకి ఒకటి పెనవేసుకుపోతాయి. పల్లెను అంత నిర్భయంగా, అంత అమర్యాదగా చూడడానికి ఆ జీతం ఒక దన్ను అయిందని నేననుకుంటాను. సిద్దిపేటలో కాపు రాజయ్య డ్రాయింగు మాస్టరుగానే ఉండి బతుకమ్మనూ బోనాలనూ, పల్లె పనిపాటల్నీ గీశారు. 'ఉద్యోగం కళను చంపేస్తుంది' అన్నది మనం ఆలోచించకుండా వల్లించే మాటల్లో ఒకటి. కొన్నిసార్లు ఉద్యోగమే కళను కొనేవాడి నుంచి కాపాడింది. నరసింగరావు 1983లో తీసి, తానే చిత్రకారుడి వేషం కట్టిన 'రంగుల కల'లో ఈ చిక్కు చాలావరకు ఉంది. ఆయన స్వయంగా చిత్రకారుడు కనుక, బొమ్మ కొనేవారి సభల్లో గీసినవాడు పడే ఇబ్బంది ఆయనకు తెలుసు.

ఈ మాటలన్నీ హైదరాబాదులోనైతే పుస్తకాల చర్చగా ముగుస్తాయి. మన దగ్గర అలా కుదరదు. మన గల్లీల్లో కుంచె పట్టినవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. దుకాణం బోర్డులు, టాక్సీ తలుపుల మీద అంకెలు, లారీ వెనక నెమళ్ళు, వినాయక చవితి మండపాల వెనక తెరలు, ఎన్నికల గోడరాతలు. 1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది వీధిన పడ్డారు. పని పోయిన ఇళ్ళలో చెయ్యి తిరిగినవాళ్ళకు రంగు డబ్బా కూడా ఒక ఆసరా అయింది. 2000 తర్వాత ఫ్లెక్సు అచ్చుయంత్రం వచ్చి దాన్నీ ఊడ్చుకుపోయింది. చేతితో రాసే అక్షరానికి రోజు పట్టే చోట యంత్రానికి నిమిషాలు చాలు. ఈ పెయింటర్లు ఉదయం నుంచి రాత్రి దాకా బొమ్మలు వేసి, బొమ్మలతోనే బియ్యం కొన్నారు. ఫుల్‌టైం అన్న మాటకు నిఘంటువు అర్థం చూస్తే వీళ్ళే ఫుల్‌టైం. మన కళావ్యాసాల్లో వీళ్ళకు చోటు లేదు. ఎందుకంటే వీళ్ళు బొమ్మ కింద సంతకం పెట్టలేదు.

సంతకం పెట్టడం నేర్చుకున్నవాడి కథ ఈ పేట పక్కనే ఉంది. పి.టి. రెడ్డి పుట్టిన 1915లోనే పుట్టినట్టు చెప్పే మక్బూల్ ఫిదా హుసేన్, 1930లలో గ్రాంట్ రోడ్డు చుట్టుపక్కల సినిమా హోర్డింగులు వేశాడు. తర్వాత పిల్లల ఫర్నిచరు, ఆటబొమ్మలు డిజైను చేశాడు. రెడ్డిగారికి లాగే ఆయనకూ చెక్కపని అన్నం పెట్టింది. 1947 తర్వాతే దారి మళ్ళింది. నలభై అడుగుల హోర్డింగు మీద చెయ్యి తిప్పినవాడికే వచ్చే ఆ గీత వేగం ఆయన గుర్రాల్లో చివరిదాకా ఉంది. 1954లో వేసిన ఆయన 'గ్రామయాత్ర' 2025 మార్చిలో న్యూయార్కు వేలంలో నూట పదిహేను కోట్ల రూపాయలకు పైగా పలికింది. అప్పటికి ఆయన పోయి దాదాపు పద్నాలుగేళ్ళు. ఈ అంకె చూపించి మన పిల్లల్ని ఆశపెట్టేవాళ్ళుంటారు, జాగ్రత్త. ఆ హోర్డింగుల పరంజాల మీద ఆయనతోపాటు ఎక్కినవాళ్ళు ఎంతమందో, వాళ్ళ పేర్లేమిటో ఎవరూ రాసుకోలేదు.

నల్లగొండ జిల్లా చేనేత ఇంటినుంచి వచ్చిన ఏలె లక్ష్మణ్ మనవాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ. బోర్డుల మీద అక్షరాలు రాసి, పుస్తకాలకు ముఖచిత్రాలు వేసి, ఆ దారినే చిత్రకారుడయ్యారు. 2014లో వచ్చిన తెలంగాణ రాజ్యచిహ్నం ఆయన గీసిందే. ఆయన బొమ్మల్లోని మనుషుల మొహాలు నన్ను ఆపుతాయి. అలంకరణ కంటే ముందు అలసట కనబడుతుంది. చూసేవాణ్ణి సంతోషపెట్టాలన్న తొందర ఆ మొహాల్లో లేదు. బోర్డు రాసిన చెయ్యి కనుక వట్టి అందం మీద దానికి కొంత అనుమానం మిగిలి ఉంటుందేమో.

జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ 1952 నుంచి కాలాఘోడా దగ్గర ఉంది. కామాఠీపుర నుంచి అయిదారు కిలోమీటర్లు, బస్సులో అరగంట. హాలు దొరకాలంటే ఏళ్ళ తరబడి వరసలో ఉండాలి. బయటి గ్యాలరీలైతే అమ్మిన ధరలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంచుకుంటాయి. చట్రం కట్టించడం, చేరవేయడం చిత్రకారుడి ఖర్చే. ఈ లెక్కలు తెలియకుండా ఉద్యోగం మానేసి వచ్చే కుర్రవాడికి ధైర్యం చెప్పడం తేలిక, పాపం కూడా. అలాగని గీయవద్దనే మనిషిని కాను. చీరాల నుంచి సిరిసిల్ల దాకా ఏ ఊరి మగ్గం ఆగినా అక్కడి మనిషి ఈ నగరంలో ఏ ఖోలీలో కూర్చుని, ఏ పని చేస్తూ, ఏ వెలుతురులో ఎలా కనబడతాడో గీయగలిగినవాడు ఇక్కడే పుట్టాలి, బయటినుంచి రాడు. చాట ఒడిలో పెట్టుకుని బీడీ చుట్టే ఆ చేతిని ఇంతవరకు ఎవరూ గీయనే లేదన్నా పెద్ద తప్పు కాదు. దాన్ని గీసేవాడు పగలు ఏదో ఆఫీసులో పనిచేస్తే, ఆదివారం మాత్రమే గీస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అతని బొమ్మ సోమవారం గీసినవాడి బొమ్మ కంటే తక్కువదని చెప్పే కొలత నా దగ్గర లేదు.

ఫాక్లండ్ రోడ్డు మీది ఆల్‌ఫ్రెడ్ టాకీసులో చేతితో పోస్టర్లు వేస్తూ వచ్చిన షేక్ రెహమాన్ మీద సుమారు పదేళ్ళ కిందట జర్మనీవాళ్ళు ఒక డాక్యుమెంటరీ తీశారు. పాత హిందీ సినిమా వారం రోజులు ఆడుతుంది, దానికి కొత్త పోస్టరు కావాలి. హీరో మొహం ఇంకొంచెం కోపంగా, రక్తం ఇంకొంచెం ఎర్రగా. వారం తిరిగేసరికి దాని పని అయిపోతుంది, ఇంకొక మొహం రావాలి. అమ్ముడుపోయేది బొమ్మ కాదు, టిక్కెట్టు. ఆ గల్లీలో మన తెలుగువాళ్ళు దశాబ్దాలుగా ఆ పోస్టర్ల కిందుగా నడిచి పనికి పోయారు, వచ్చారు. ఆయన మీద సినిమా తీయడానికి జర్మనీ నుంచి రావలసి వచ్చింది. మనం ఒక్క వ్యాసం కూడా రాయలేదు.